తీపి జొన్న రబీలో ఎందుకు చప్పబడింది?

అందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి దగ్గర, నల్లరేగడి నేల. ఇథనాల్ కోసం తీపి జొన్న వేస్తున్నాను. జూన్‌లో విత్తిన పంటకు గింజ గట్టిపడే వేళ రసం బ్రిక్స్ (రసంలో తీపి ఎంతుందో చూపే కొలత) 17 వచ్చింది. అదే విత్తనం అక్టోబరులో వేస్తే కర్ర పొట్టిగా, సన్నగా వచ్చింది, బ్రిక్స్ 12 దాటలేదు. పగలు తగ్గి, రాత్రి చలి పెరిగితే కర్ర ఎదగదని తెలుసు. కానీ తీపి ఇంతలా పడిపోవడానికి చలి ఒక్కటే కారణమా, కోతకు వారం ముందు పెట్టిన తడికి రసం పలచబడిందా? యూరియా కూడా ఈసారి కాస్త ఎక్కువే పడింది. నరికిన కర్ర నిల్వ ఉంటే చక్కెర తగ్గిపోతుందని అదే రోజు గానుగాడించాను, కాబట్టి ఆలస్యం జరగలేదు.

రబీలో పండించినవాళ్లు ఏ రకం వేశారు, ఆఖరి తడి ఎప్పుడు ఆపారు? దయచేసి చెప్పండి. జనవరి చివర్లో విత్తితే మేలేమో అని కూడా చూస్తున్నాను.