'దన్న' అంటే ఎవరు? గేషా వాడ మాటల మీద చర్చ

ప్రశ్న: జపాన్ కథ ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. క్యోటోలోని గేషా, అంటే విందుల్లో ఆటపాటలతో అలరించే కళాకారిణి, ఒకావిడ ఓ పెద్ద వ్యాపారిని 'దన్న' అంటుంది. నిఘంటువు చూస్తే 'భర్త' అని ఉంది. ఆయనకేమో వేరే భార్యాపిల్లలు ఉన్నారు. 'ఉంచుకున్నవాడు' అని రాసేయొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ మాటలో ఈసడింపు ఉంది, 'దన్న'లో గౌరవం ఉంది. పైగా ఇది మనకు చుట్టం. సంస్కృతంలోని 'దాన' శబ్దం బౌద్ధంతో పాటు చైనా వెళ్లి, అక్కడి లిపిలో కుదురుకుని, జపాన్ చేరి 'దన్న' అయింది. మొదట దానమనే అర్థమే. తర్వాత బౌద్ధాలయాన్ని పోషించే దాత అయ్యాడు. ఒక ఆలయానికి అనుబంధంగా ఉండే కుటుంబాన్ని అక్కడ ఇప్పటికీ 'దంక' అంటారు, అందులోనూ ఉన్నది మన దానమే. దాత కాస్తా యజమాని అయ్యాడు, నౌకర్లకు అయ్యగారు అయ్యాడు, దుకాణంలో బేరమాడే బాబుగారు అయ్యాడు, చివరికి ఇల్లాలి నోట 'మా ఆయన' అయి కూర్చున్నాడు.

గేషా చెప్పే దన్న ఈ వరసలో పాత దాతకే దగ్గర. కిమోనోలకు, షామిసెన్ అనే తంతివాద్యం పాఠాలకు, నాట్య ప్రదర్శనలకు అయ్యే ఖర్చు ఆయన భరిస్తాడు. ఇద్దరి మధ్యా ప్రేమ, సంబంధం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఖర్చు ఎవరిదన్నదే ఆ మాట చెప్పేది. ఈ రోజుల్లో అలాంటి దన్నలు చాలా అరుదు. నేనైతే 'దన్న' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'పోషకుడు' అని వాక్యంలోనే తెలిసేలా రాస్తాను.

ఆ ఇంట్లో మిగతా చుట్టరికాలు కూడా గమనించండి. గేషాలు ఉండే ఇల్లు 'ఒకియ'. దాన్ని నడిపే ఆవిడ అందరికీ 'ఒకాసాన్', అంటే అమ్మ. సీనియర్ 'ఒనేసాన్', అంటే అక్క. ఇరవయ్యేళ్ల పిల్లయినా సరే, ముందు చేరితే అక్కే. కొత్తమ్మాయి రంగప్రవేశం రోజున అక్కతో కలిసి మూడు గిన్నెల సాకే, అంటే బియ్యపు మద్యం, పంచుకుంటుంది. జపాన్ పెళ్లిలో వధూవరులు చేసేది కూడా ఈ తంతే. పెళ్లి మర్యాదంతా అక్కాచెల్లెళ్ల బంధానికి పెట్టి, డబ్బిచ్చే మగవాడికి దాత పేరు ఇచ్చారు. నాకు ఇందులో భలే లోకజ్ఞానం కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక: 'ఒచాయ' అని వస్తే 'టీ కొట్టు' అని మాత్రం రాయకండి. అక్షరాలా అర్థం అదే అయినా, అది గేషాలను పిలిపించి విందు జరిపే ఇల్లు. తెలిసినవాళ్లు వెంటబెట్టుకుని వస్తే తప్ప కొత్తవాళ్లను గడప తొక్కనివ్వరు.

వ్యాఖ్య: ఇదంతా ఎందుకు మాస్టారూ, మన 'కళావంతులు' అన్న మాట లేదూ?

జవాబు: అర్థం అతికినట్టు సరిపోతుంది. 'గేయ్' అంటే కళ, 'షా' అంటే మనిషి. కానీ మన దగ్గర అది ఒక కులం పేరు. దాని వెనక గుడి ఉంది, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఉంది. గేషా ఏ దేవుడికీ అంకితం కాదు. ఇంకో సంగతి, గేషా అన్న పేరుతో మొదట ఉన్నవాళ్లు మగవాళ్లు, విందుల్లో నవ్వించి పాటలు పాడేవాళ్లు. ఆడవాళ్లు ఆ పనిలోకి వచ్చింది 18వ శతాబ్దంలో.

'వేశ్య' అనడం ఇంకా తప్పు. పాతకాలపు వేశ్యావాటికలో పై అంతస్తు స్త్రీ 'ఒయిరాన్'. ఆమె నడుముపట్టీ ముడి ముందుకు ఉంటుంది, గేషాకు వెనక్కి. 1956లో వ్యభిచార నిరోధక చట్టం చేశాక లైసెన్సు వాడలు మూతపడ్డాయి, గేషా వాడలు నిలిచాయి. అలాగని గతమంతా కడిగిన ముత్యమని అనను. పేదింటి ఆడపిల్లలను అప్పు కింద ఒకియలకు అప్పగించిన రోజులూ ఉన్నాయి.

వ్యాఖ్య: 'దన్నుగా నిలిచాడు' అంటాం కదా, ఆ దన్నూ ఈ దన్నా ఒకటేనేమో!

జవాబు: సరదాగా ఉంది కానీ, ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం. జపాన్ దన్న ఏ దారిన వెళ్లాడో బౌద్ధ గ్రంథాల్లో అడుగుజాడలున్నాయి. ఆ దారిలో మన దన్ను ఎక్కడా తగలదు.

ప్రశ్న: చివరగా ఒక్క డౌటు. కథలో నేర్చుకునే అమ్మాయిని ఒకచోట 'మైకో' అని, ఇంకోచోట 'హాన్‌గ్యోకు' అని రాశారు. ఏది ఉంచాలి?

జవాబు: హాన్‌గ్యోకు టోక్యో మాట, 'సగం మణి' అని అర్థం. గేషా రుసుమును అక్కడ 'మణి సొమ్ము' అనేవారు. నేర్చుకునే పిల్లకు అందులో సగం ముట్టేది కాబట్టి ఆ పేరు. క్యోటోలో అదే రుసుము 'పూల సొమ్ము'. గడియారాలు రాకముందు కాలాన్ని అగరొత్తితో కొలిచేవారు కనుక 'అగరొత్తి సొమ్ము' అన్న మాట కూడా ఉంది. ఎన్ని వత్తులు కాలితే అంత బిల్లు. మీ కథ క్యోటోది కాబట్టి అన్నిచోట్లా 'మైకో' అనే పెట్టండి. మైకో పెద్దదై ఎర్ర కాలరు తీసి తెల్లది తొడిగాక, క్యోటోవాళ్లు ఆమెను గేషా అనరు, 'గేకో' అంటారు. ఇంగ్లీషులోకి తెచ్చినవారు దాన్ని గేషాగా మార్చి ఉంటారు, ఒకసారి మూలం తెలిసినవాళ్లకు చూపించండి.