అమ్మ ప్రయాణాలకు జీఎల్‌ఎస్ మంచిదా, ఎక్స్7 మంచిదా?

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారిని తరచుగా హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం తీసుకువెళ్లవలసి వస్తున్నందున, మెర్సిడెస్ జీఎల్‌ఎస్, బీఎండబ్ల్యూ ఎక్స్7 డీజిల్ కార్లలో ఒకటి కొనాలనుకుంటున్నాను. రెండింటికీ ఎయిర్ సస్పెన్షన్ (గాలి నింపిన సంచులతో కుదుపులు తగ్గించే ఏర్పాటు) ఉంది; 3 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను కూడా ఉంది కనుక శక్తి గురించి బెంగ లేదు. నడపడానికి నాకు ఎక్స్7 ఎక్కువ నచ్చింది; అయితే దాని డిక్కీ తలుపు రెండు భాగాలుగా తెరుచుకుంటుంది, కింది భాగం బల్లలా బయటికి చాచుకుని ఉండడంతో, అమ్మ చక్రాల కుర్చీని దాని మీదుగా వంగి లోపల పెట్టవలసి వచ్చింది. జీఎల్‌ఎస్ రెండవ వరుసలో మాత్రం ఆమె కాళ్లు చాపుకుని ఊరటగా కూర్చున్నారు. వీటిలో పెద్దవారిని తీసుకువెళ్లే అనుభవం ఉన్నవారు, ఎక్కి దిగడం ఎందులో సులువో, గతుకుల రోడ్డు మీద వెనుక కూర్చున్నవారికి కుదుపు ఎందులో తక్కువో, వారంటీ ముగిశాక ఎయిర్ సస్పెన్షన్ మరమ్మతుకు ఎంత ఖర్చయిందో దయచేసి తెలియజేయగలరు.