మెయింటైనర్ ఉలుకూ పలుకూ లేకపోతే ప్యాకేజీ ఎవరిది?

సాగర్_ఎడమకాలువ
నల్గొండ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. మా మెషీన్లలో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు, కాబట్టి విండోస్ 11 ఎక్కదు. బాగా నడుస్తున్న వాటిని పారేయలేం కదా, అన్నింట్లో డెబియన్ 13 అనే లినక్స్ సిస్టమ్ వేశాం. అంతా బాగుంది గానీ, పాత టైప్‌రైటర్ వరుసలో తెలుగు కొట్టడానికి మా పిల్లలు వాడే చిన్న ప్యాకేజీ ఇందులో లేదు. 12లో ఉంది, 13కి వచ్చేసరికి తీసేశారు.

ఎందుకని చూస్తే, డెబియన్ 13లో కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ జీసీసీ 14. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను సీ కోడ్‌లో వాడితే పాత కంపైలర్ వార్నింగ్ ఇచ్చి వదిలేసేది. ఇది ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఈ ప్యాకేజీలో ఒక హెడర్ ఫైల్ ఇంక్లూడ్ చేయడం మరిచారు. బిల్డ్ ఆగింది, సీరియస్ బగ్ పడింది, ఎవరూ ముట్టుకోలేదు, తర్వాతి రిలీజ్ తయారయ్యే టెస్టింగ్ నుంచి ఆటోమేటిక్‌గా పోయింది. ఇంతలో రిలీజ్ కూడా అయిపోయింది. ఒక్క లైను కోసం! ప్యాచ్ రాసి పంపాను. ప్యాకేజీని చూసుకోవాల్సిన మెయింటైనర్ నుంచి జవాబే లేదు. మనిషి పేరు, ప్యాకేజీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఒకరిని నిలబెట్టి అడగడం నా ఉద్దేశం కాదు.

డెబియన్‌లో సాల్వేజ్ అని ఒక పద్ధతి ఉంది. ప్యాకేజీని పట్టించుకోవడం లేదని తేలితే, తీసుకుంటానని బగ్ ద్వారా చెప్పి 21 రోజులు ఆగాలి. ఎవరూ వద్దనకపోతే తీసుకోవచ్చు. నేను తీసుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు?

నకిరేకల్65
తీసుకో అన్నా, అడగడం దేనికి.

జడ్చర్ల_జంక్షన్
ప్యాచ్ ఎక్కడికి పంపావు తమ్మీ? బగ్ నంబర్‌కా, ఆయన సొంత మెయిల్‌కా?

సాగర్_ఎడమకాలువ
ముందు ఆయన మెయిల్‌కి అన్నా. తర్వాత బగ్‌కి కూడా పెట్టాను.

జడ్చర్ల_జంక్షన్
తర్వాత అంటే ఎప్పుడు? సొంత మెయిల్‌కి పంపింది లెక్కలోకి రాదు. అది స్పామ్‌లో పడిందో, ఆయన ఆ అడ్రస్ మానేశాడో ఎవరికి తెలుసు? బగ్‌లో రాస్తే పదిమందికీ కనిపిస్తుంది, రికార్డు ఉంటుంది.

నేను చాలా ఏళ్లుగా డెబియన్ డెవలపర్‌ని. తొందరపడే వాళ్లందరికీ ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుచేస్తాను. ఆ కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ల తరబడి ఒకే మనిషి ఖాళీ టైంలో నడిపాడు. 2022లో కొత్త కొత్త పేర్లతో మెయిళ్లు మొదలయ్యాయి: "ప్యాచ్‌లు ఎందుకు చూడవు, ఇంకొకరికి ఎందుకు ఇవ్వవు" అని. ఆయన అలిసిపోయి, జియా టాన్ అనే పేరుతో సాయానికి వచ్చిన మనిషికి చోటిచ్చాడు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌లోకి దొంగదారి పెట్టింది ఆ పేరే. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, తన డెబియన్ సిడ్ (ఇంకా రిలీజ్ కాని అన్‌స్టేబుల్ వెర్షన్) మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వితే బయటపడింది. లేకపోతే అది అందరూ వాడే స్టేబుల్ రిలీజ్ దాకా వచ్చేది.

ఆర్చ్ అనే ఇంకో లినక్స్‌కి యూజర్లే ప్యాకేజీలు పెట్టే ఆర్చ్ యూజర్ రిపాజిటరీలో 2018 జులైలో ఏమైంది? ఎవరూ చూడని ఆక్రోరీడ్ అనే పీడీఎఫ్ రీడర్ ప్యాకేజీని ఒకడు దత్తత తీసుకుని, బయటి నుంచి స్క్రిప్ట్ దించి నడిపే లైన్లు కలిపాడు. పైగా నువ్వు చెప్పేది కీబోర్డు ప్యాకేజీ. మనం కొట్టే ప్రతి అక్షరం దాని గుండానే పోతుంది.

సాగర్_ఎడమకాలువ
నన్ను జియా టాన్ పక్కన నిలబెడుతున్నారా అన్నా? నేను కలిపింది ఒక హెడర్ ఫైల్.

జడ్చర్ల_జంక్షన్
నిన్ను అనలేదు. పద్ధతి గురించి అంటున్నాను. బగ్‌కి ఎప్పుడు పెట్టావో ఇంకా చెప్పలేదు.

పిల్లలమర్రి_నీడ
జడ్చర్ల గారూ, ఎక్స్‌జెడ్ కథ మీ వాదానికే ఎదురు వస్తోంది. అక్కడ తలుపు తెరుచుకున్నది బరువంతా ఒక్క మనిషి మీద పడినందువల్ల. పక్కన తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే ఆయన ఊరూపేరూ లేని వాడికి పగ్గాలు ఇచ్చేవాడా? ఇంకో మాట. ఎస్ఎస్‌హెచ్ సొంతంగా ఆ లైబ్రరీని వాడదు. మెషీన్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కోసం డెబియన్ వాళ్లు, ఇంకొందరు పెట్టుకున్న ప్యాచ్ వల్లే ఆ రెండింటికీ లింకు పడింది.

2008 కూడా గుర్తుండాలి. రహస్య కీలు తయారుచేసే డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో 2006లో రెండు లైన్లు తీసేశారు. దాంతో కీ తయారీలో ర్యాండమ్ అంతా పోయి ప్రాసెస్ నంబర్ ఒక్కటే మిగిలింది, అంటే ఒక రకం కీకి 32,768 అవకాశాలే. దాదాపు రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. ఆ మార్పు చేసింది దారినపోయే వాడు కాదు, అధికారికంగా పేరున్న మెయింటైనర్లే. పేరు ఉన్నంత మాత్రాన భద్రత రాదు.

జడ్చర్ల_జంక్షన్
ఆయన ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్ల లిస్టులో అడిగే చేశాడు. తెలియకుండా ఏమీ చేయలేదు.

పిల్లలమర్రి_నీడ
అడిగాడు, నిజమే. అక్కడా ఎవరూ సరిగ్గా చూడలేదు. నేను అంటున్నది కూడా చూసే కళ్ల గురించే.

గద్వాల_కోట
ఇంత చర్చ ఎందుకు, ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వరుస వస్తుంది కదా.

సాగర్_ఎడమకాలువ
వస్తుంది అన్నా. కానీ డీటీపీ సెంటర్లలో పని దొరకాలంటే పాత వరుస మీద చేయి తిరగాలి. పరీక్షలకు పోయే పిల్లల చేతివేళ్లు ఒకసారి అలవాటుపడ్డాక మార్చుకోమని చెప్పలేను.

దిండి_కట్ట
నేను స్టూడెంట్‌ని, తప్పుంటే చెప్పండి. డెవలపర్స్ రిఫరెన్స్ చదివాను. రిలీజ్‌ను ఆపే బగ్ పడి ఏడు రోజులు దాటి, మెయింటైనర్ కదలకపోతే, వేరేవాళ్లు ఎన్ఎంయూ చేయవచ్చని ఉంది. అంటే బగ్ వరకు సరిచేసి అప్‌లోడ్ చేయడం, మెయింటైనర్ పేరు అలాగే ఉంటుంది. దీనికి 21 రోజులు అక్కర్లేదు కదా? జడ్చర్ల సార్ డెవలపర్ కాబట్టి ఆ ఒక్క లైను స్పాన్సర్ చేస్తే, అంటే మన తరఫున అప్‌లోడ్ చేస్తే, సరిపోతుంది కదా?

ఇంకోటి. రిలీజ్‌కి ముందే పోయిన ప్యాకేజీ మళ్లీ 13లోకి రాదు. అన్‌స్టేబుల్‌లో సరిచేస్తే టెస్టింగ్‌కి పోయి 14లో వస్తుంది. 13 వాళ్లకు బ్యాక్‌పోర్ట్స్, అంటే కొత్త ప్యాకేజీని పాత రిలీజ్‌కి కట్టి ఇచ్చే చోటు, ఒక్కటే దారి.

నకిరేకల్65
పిల్లాడు సరిగ్గా పట్టుకున్నాడు. సార్, ఎన్ఎంయూ ఎందుకు చేయరు?

జడ్చర్ల_జంక్షన్
బగ్‌లో ప్యాచ్ పెట్టిన తేదీ తెలియకుండా దేనికీ సమాధానం ఇవ్వను.

సాగర్_ఎడమకాలువ
తేదీ, తేదీ, తేదీ! బగ్ పేజీ తెరిస్తే కనిపిస్తుంది, లింకు మీకు మెసేజ్ చేశాను, తెరవలేదు. మీ ఉద్దేశం ఏమిటో నాకు అర్థమైంది. ముందు నుంచి ఉన్నవాళ్ల పేర్లు కదపకూడదు. మేము బగ్‌లు రాయాలి, ప్యాచ్‌లు ఇవ్వాలి, తర్వాత చేతులు కట్టుకుని నిలబడాలి. మిమ్మల్ని ఇక అన్నా అనబుద్ధి కావడం లేదు. డెవలపర్ గారూ, మీకు అడిగేవాళ్లు లేరు కాబట్టి నియమాలు మాట్లాడుతున్నారు.

జడ్చర్ల_జంక్షన్
సరే, చెప్తాను. మా నాన్న హైదరాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను నెలల తరబడి మెయిల్ తెరవలేదు. అప్పుడు నా ప్యాకేజీకి ఒకరు ఎన్ఎంయూ చేశారు. బగ్ ఒకటే, దాన్ని సరిచేసి ఆగితే నేను దండం పెట్టేవాణ్ణి. కానీ బిల్డ్ ఫైళ్లన్నీ తనకు నచ్చినట్టు తిరగరాశారు. ఎన్ఎంయూలో అలా చేయకూడదని నియమం ఉంది. తిరిగి వచ్చి చూస్తే నా వెర్షన్ నంబర్ చివర ".1" తగిలించి ఉంది, లోపల నేను రాసింది ఏదీ లేదు. "మీరు లేరు కదా" అన్నారు. నేను ఎక్కడికి పోయాను? మా నాన్న మంచం పక్కన ఉన్నాను.

మనిషి జవాబివ్వకపోతే వదిలేసి పోయాడనుకోవద్దు. నేను తేదీలు అడిగేది అందుకే. ఆయన ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలియదు.

పిల్లలమర్రి_నీడ
ఈ మాట మొదటే చెప్పాల్సింది. దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. మీకు జరిగింది తప్పు.

సాగర్_ఎడమకాలువ
నాన్నగారి విషయం తెలియదు, బాధగా ఉంది. కానీ నా మాట కూడా వినండి. నా ల్యాబ్ కోసమైతే నేను ఇక్కడికి రానవసరం లేదు. సోర్స్ దించి, ఆ లైను కలిపి, డెబ్ ఫైల్ కట్టి అన్ని మెషీన్లలో వేసేశాను. నా దగ్గర పని నడుస్తోంది. మిర్యాలగూడలోనో అచ్చంపేటలోనో ఇలాంటి ల్యాబ్ నడిపే ఇంకొకరికి ఆ పని చేతకాకపోతే? వాళ్లు తెలుగు మానేస్తారు.

ఎన్ఎంయూ చేస్తే ఈ లైను అతుకుతుంది. వచ్చే కంపైలర్‌కి ఇంకో లైను విరుగుతుంది. అప్పుడు మళ్లీ ఎవరి గడప తొక్కాలి? మా దగ్గర భూమి పట్టా ఒకరి పేరు మీద ఉంటుంది, ఏళ్లకేళ్లు దున్నేది కౌలుదారు. పంట పోతే పరిహారం చాలావరకు పట్టాదారుకే పోతుంది. నాకు పరిహారం వద్దు, పేరూ వద్దు. ఆ కోడ్ మీద పని చేసే హక్కు కావాలి.

ఆ హక్కు ఎలా వస్తుంది? డెబియన్ మెయింటైనర్ కావాలంటే నా కీ మీద, అంటే నన్ను గుర్తించే డిజిటల్ తాళం మీద, డెవలపర్ల సంతకం ఉండాలి. 2023 సెప్టెంబర్‌లో డెబియన్ వాళ్ల సమావేశం డెబ్‌కాన్ఫ్ కొచ్చిలో జరిగింది, మన దేశంలోనే. సెలవు దొరకలేదు, ఖర్చు కూడా పెట్టుకోలేకపోయాను. పోయినవాళ్లకు సంతకాలు దొరికాయి. నాలాంటి వాళ్లం యూజర్లుగానే మిగిలాం.

జడ్చర్ల_జంక్షన్
ఇప్పుడు అసలు మాట వచ్చింది. హక్కు కావాలంటున్నావు, నేను బాధ్యత అంటున్నాను. డెబియన్ 13కి మూడేళ్ల సపోర్ట్, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్, అంటే పొడిగించిన సపోర్ట్. నీ పేరు పెట్టుకున్నాక ఐదేళ్లూ బగ్‌లకు జవాబు చెప్పాలి. నీకు వేరే ఉద్యోగం వచ్చి ల్యాబ్ వదిలేస్తే? ఈరోజు ఆయన మీద చెప్పిన మాటే రేపు నీ మీద ఇంకొకరు చెప్తారు.

సాగర్_ఎడమకాలువ
అందుకే ఒక్కడి పేరు వద్దంటున్నాను. మెయింటైనర్ స్థానంలో ఇన్‌పుట్ మెథడ్ టీమ్ పేరు పెడదాం. ఆయన పేరు, నా పేరు అప్‌లోడర్ల వరుసలో ఉంటాయి. ఆయన తిరిగొస్తే ఆయన చోటు ఆయనకు ఉంటుంది.

జడ్చర్ల_జంక్షన్
టీమ్ పేరు పెట్టి ఎవరూ చూడని ప్యాకేజీలు బోలెడు చూశాను. అందరిదీ అంటే ఎవరూ పట్టించుకోరు. ఆయన పేరు ఉంచుతానన్నావు, అది మంచి మాట. అయినా సాల్వేజ్‌కి నేను స్పాన్సర్ చేయను. ఆ ఒక్క హెడర్ లైను వరకైతే ఎన్ఎంయూ చేస్తాను, అప్‌లోడ్ వెంటనే పోకుండా ఆగే డిలేడ్ క్యూలో పది రోజులు పెట్టి. నియమం అంత ఆగమనకపోయినా నేను ఆగుతాను. ఏం మార్చానో చూపే డిఫ్ బగ్‌లో పెడతాను, ఆయన చూసుకునే అవకాశం ఉంటుంది.

దిండి_కట్ట
సాల్వేజ్‌కి వేరే స్పాన్సర్ కావాలంటే మెంటర్స్ సైట్‌లో సోర్స్ పెట్టి, స్పాన్సర్ కావాలని అడిగే ఆర్ఎఫ్ఎస్ బగ్ వేయొచ్చు అన్నా. ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్ నేను నడిపి చూస్తాను, పంపండి.

నకిరేకల్65
సార్, ఈయన కీ మీద సంతకం మీరే పెట్టొచ్చు కదా? కొచ్చి దాకా ఎందుకు.

జడ్చర్ల_జంక్షన్
పెడతాను. కీ మీద సంతకం అంటే మనిషిని, అతని ఐడీని చూశాననే. అతని పనిని ఒప్పుకున్నానని కాదు. కల్వకుర్తి ఇద్దరికీ మధ్యలో పడుతుంది. నీ కీ ఫింగర్‌ప్రింట్ (దాన్ని గుర్తించే చిన్న కోడ్) కాగితం మీద రాసుకుని, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకుని ఆదివారం రా.

సాగర్_ఎడమకాలువ
వస్తాను అన్నా. సాల్వేజ్ బగ్ మాత్రం రేపు వేస్తున్నాను.

జడ్చర్ల_జంక్షన్
వెయ్యి. ఆయనకు కాపీ పెట్టు. ఆయన ఆసుపత్రిలోనో ఇంకెక్కడో ఉండి, 21 రోజుల్లోపు వద్దని ఒక్క ముక్క రాసినా అక్కడితో ఆపాలి.