పక్షికి 550 చదరపు సెంటీమీటర్లు: గుడ్డు ధర మీద ఎంత పడుతుంది?

తూకంరాయి
గుడ్లు పెట్టే కోళ్ల కోసం కేంద్రం 2023లో నోటిఫై చేసిన నిబంధనల సంగతి. కేజ్‌లో ఒక్కో పక్షికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల జాగా, కేజ్‌కి 6 నుంచి 8 పక్షులు. కొత్త ఫారాలకు 2024 జనవరి 1 నుంచే అమలు, పాతవాటికి అయిదేళ్ల గడువు. ఏ4 కాగితం వైశాల్యం 624, అంటే 550 దానికంటే తక్కువే. ఆ మాత్రం జాగా ఇస్తే గుడ్డు పేదవాడికి అందకుండా పోతుందన్న మాట నిజమేనా? అంకెలతో మాట్లాడేవాళ్లు చెప్పండి.

ఫారంగట్టు
మన దగ్గర పాత షెడ్లలో ఎక్కువగా కనిపించేవి 15×12 అంగుళాల బాక్సులు (కేజ్‌లో అరలు), బాక్సుకి 3 పక్షులు. వైశాల్యం 1,161 చదరపు సెంటీమీటర్లు, పక్షికి 387 పడుతుంది. 550 కావాలంటే బాక్సుకి రెండే. షెడ్డులో 30,000 ఉన్నచోట 20,000 మిగులుతాయి.

18×15 బాక్సులో 4 పక్షులుంటే ఇప్పుడు పక్షికి 435. మధ్యలో అడ్డుజాలీ తీసి రెండు బాక్సులు కలిపితే 3,484, అందులో 6 పడతాయి. అంటే నాలుగో వంతు కోత. మూడు కలిపితే వైశాల్యం 9 పక్షులకు సరిపోతుంది కానీ 8 మించకూడదు కాబట్టి ఒకటి వృథా. ముందే ఈ లెక్క వేసుకోకుండా 18×15లు మూడేసి కలిపేయడం దండగ.

అడ్డు తీయడం కటింగ్ ప్లేయర్ పని అనుకోవద్దు. కింది జాలీకి ఆ అడ్డే ఊతం. అది పోతే మధ్యలో జాలీ కుంగుతుంది, వాలు పోయి గుడ్డు ముందుకు దొర్లదు. పక్షుల కాళ్ల కిందే ఉండి పగులుతుంది, లేదా రెట్ట అంటుకుంటుంది. కింద అడ్డంగా కమ్మీ వేసి బిగించాలి. చాలా కేజ్‌లలో పక్షులు నీళ్లు తాగే నిపుల్ పైపు కూడా ఆ అడ్డు మీదే ఆనుకుని ఉంటుంది, దానికి వేరే ఊతం చూసుకోవాలి. ఈ ఖర్చు ఎవరి అంచనాలోనూ కనబడదు.

దాణాలెక్క
సరే, పైసల్లోకి వద్దాం. ఇవి ఊహ మీద వేసిన అంకెలు, మీ ఫారం అంకెలు పెట్టుకుని మార్చుకోండి.

షెడ్డు, కేజ్ కలిపి పక్షికి 600 రూపాయలు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్లు. ఏడాదికి పక్షి మీద సుమారు 79 రూపాయలు. 85 శాతం ఉత్పత్తితో (రోజుకి వంద పక్షులకు 85 గుడ్లు) పక్షికి ఏడాదికి 310 గుడ్లు. గుడ్డుకి పావలా. పక్షులు మూడో వంతు తగ్గితే అదే ఖర్చు 38 పైసలు. పెరిగింది 13.

ఇక దాణా: రోజుకి 110 గ్రాములు, కిలో 28 రూపాయలు, గుడ్డుకి 3 రూపాయల 62 పైసలు. మొక్కజొన్న, సోయా చెక్క పెరిగి దాణా కిలోకి 3 రూపాయలు ఎక్కితే గుడ్డు మీద 39 పైసలు పడుతుంది. కేజ్ నిబంధన భారానికి ఇది మూడు రెట్లు. మొక్కజొన్న ధర పెరిగితే ఎవరూ 'పేదవాడి గుడ్డు' అని కోర్టుకెక్కరు.

ఫారంగట్టు
దాణాలెక్క గారూ, మీ 13 పైసల్లో కూలీలు, కరెంటు లేవు. షెడ్డు పొడవు మారదు, నడిచేవాడు అంతే నడవాలి, లైట్లూ అన్నే. వాటికి ఇప్పుడు గుడ్డుకి 15 పైసలు అనుకుంటే 22 అవుతుంది. మొత్తం 20 పైసలు వేసుకోండి. పక్షి తిండి కూడా 2 గ్రాములు పెరిగితే ఇంకో ఆరున్నర. లేయర్ (గుడ్ల కోళ్ల) రైతుకి మంచి నెలల్లో గుడ్డు మీద మిగిలేదే ఆ 20, 30 పైసలు.

పైగా రేటు రైతు చేతిలో లేదు. గోదావరి గుడ్డు సగానికి సగం తూర్పు రాష్ట్రాలకు పోతుందని లారీలు చూస్తే తెలుస్తుంది. కోల్‌కతాలో కొనుగోలు పడిపోతే ఇక్కడ ఖర్చు పెరిగినా రేటు దిగుతుంది. ఖర్చు పెరిగితే ధర పెరిగి తీరుతుందన్నది కాగితం మీద మాట.

వెటర్నరీ_కలం
ఖర్చు కాలమ్ ఒక్కటే రాస్తున్నారు, పక్క కాలమ్ కూడా రాయాలి. కిక్కిరిసిన కేజ్‌లో బలహీనమైన పక్షికి తొట్టి దగ్గర చోటు దొరకదు. సగటు ఉత్పత్తిని కిందికి లాగేది ఆ ఒక్క పక్షే. 15 అంగుళాల ముందు భాగానికి 3 పక్షులుంటే తలా 5 అంగుళాలు, రెండుంటే ఏడున్నర. అన్నీ ఒకేసారి తినగలుగుతాయి.

వేసవి సంగతి మరీ ముఖ్యం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు దూరంగా పెట్టి వేడి వదులుకుంటుంది. పక్కపక్కన ఒత్తుకుని ఉంటే రెక్క ఎత్తే చోటుండదు. మే నెలలో ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) వేసినా మధ్య వరసలో పక్షులు పోవడానికి ఇదొక కారణం. రొప్పుడు వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది, అప్పుడు షెల్ గ్రిట్ (కాల్షియం కోసం వేసే గవ్వల నూక) ఎంత పోసినా పూర్తిగా కోలుకోదు.

ఉత్పత్తి 85 నుంచి 87కి పెరిగితే మీ దాణా లెక్క ప్రకారమే గుడ్డుకి 8 పైసలు ఆదా. తిండి పెరిగిన ఆరున్నర అక్కడ సరి. మిగతా 20 మాత్రం సరి కాదు, ఒప్పుకుంటాను.

పంజరంవద్దు
550 ఇచ్చినా కోడి రెక్క పూర్తిగా చాపలేదు, గూడు లేదు, దుమ్ములో పొర్లే అవకాశం లేదు. యూరప్ 550 దగ్గర ఆగలేదు. 2012 నుంచి మామూలు కేజ్‌నే తీసేసి, గూడు, వాలడానికి కర్ర ఉండి, పక్షికి 750 చదరపు సెంటీమీటర్లు ఇచ్చే కేజ్‌కి మారింది. కాలిఫోర్నియా కేజ్ గుడ్డు అమ్మకమే మాన్పించింది. ఇక్కడ మాత్రం అందరూ 550 దగ్గరే బేరాలాడుతున్నారు.

ఫారంగట్టు
నేల మీద పెంపకం అంటే పక్షికి కనీసం 2 చదరపు అడుగులు, ఊక పరుపు. తణుకు, అనపర్తి వైపు వానాకాలంలో ఊక తడిస్తే వాసన కళ్లు మండిస్తుంది, కాక్సిడియా (పేగుల జబ్బు), నులిపురుగులు తోడు. ఊక రోజూ తిరగేయకపోతే గడ్డకడుతుంది. గూళ్లలో పెట్టాల్సిన గుడ్లు మూలల్లో పెడతాయి, మురికి గుడ్డు రేటు తక్కువ. మంద పెద్దదైతే ఒకదాన్నొకటి పొడుచుకోవడం వేరే తలనొప్పి. అది వేరే ధరకి కొనేవాళ్లున్న సరుకు. బడి పిల్లల గుడ్డుకి కాదు.

మధ్యాహ్నం_గుడ్డు
బడి గుడ్డు మాట వచ్చింది కాబట్టి: ఆంధ్రలో వారానికి 5, తెలంగాణలో 3. గుడ్డుకి 20 పైసలంటే ఆంధ్రలో పిల్లాడికి వారానికి ఒక రూపాయి. బడ్జెట్‌కి అది లెక్క కాదు. ఇబ్బంది టెండరు రేటుతో. ఏడాది పొడవునా అది కదలకపోతే కాంట్రాక్టరు నష్టం భరించడు, అప్పుడే గుడ్లు పెట్టడం మొదలెట్టిన పుల్లెట్ల (పడుచు కోళ్ల) చిన్న గుడ్లు తెచ్చి దింపుతాడు. కాగితం మీద 5 గుడ్లే. టెండరులో గుడ్డుకి కాక ట్రే బరువుకి షరతు పెడితే ఇది ఆగుతుంది.

దాణాలెక్క
పంజరంవద్దు గారు యూరప్ తెచ్చారు కాబట్టి రెండో సగం కూడా చెప్పుకోవాలి. ఆ చట్టం 1999లో వచ్చింది. పన్నెండేళ్ల గడువు ఇచ్చినా 2012 జనవరి నాటికి 13 దేశాలు సిద్ధంగా లేవు. చివరి నెలల్లో కేజ్‌లు ఖాళీ అయి ఆ ఏడాది మొదట్లో గుడ్ల ధర ఎగిరింది. ఆ ఎగరడానికి కారణం పెద్ద కేజ్ ఖర్చు కాదు, అందరూ ఒకేసారి మందలు తీయడం. మనకిచ్చిన అయిదేళ్లూ అలాగే గడిచిపోతున్నాయి.

మంద సుమారు 75 నుంచి 80 వారాల వయసుకు కల్ అవుతుంది, అంటే తీసి అమ్మేస్తారు. షెడ్డు ఖాళీ అయిన ప్రతిసారీ దాన్ని 550కి మార్చుకుంటూ పోతే, అయిదేళ్లలో ఒక్కో షెడ్డుకి కనీసం మూడు అవకాశాలు. ఎప్పుడూ మార్కెట్ మీద ఒకేసారి దెబ్బ పడదు.

ఫారంగట్టు
మొదట మార్చినవాడే నష్టపోతాడు. పక్క ఊరి వాడు 387 దగ్గరే కూర్చుని నాకంటే 20 పైసలు తక్కువకి అమ్మితే? కాలిఫోర్నియా చట్టం అమ్మే గుడ్డు మీద, బయట రాష్ట్రం నుంచి వచ్చినా సరే. మనది ఫారం మీద. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. రెండు ట్రేల గుడ్లు అమ్మినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

వెటర్నరీ_కలం
అందుకే జరిమానా మీద ఆశ పెట్టుకోకుండా బ్యాంకుని పట్టుకోవాలి. కొత్త షెడ్డుకి అప్పు అడిగినప్పుడు కేజ్ కొలత, బాక్సుకి పక్షుల సంఖ్య ప్రాజెక్టు రిపోర్టులో రాయించాలి, పశువైద్యాధికారి చూసి సంతకం పెట్టాలి. పాత షెడ్లకు మార్పు ఖర్చు వరకే తక్కువ వడ్డీ.

ఫారంగట్టు
అప్పు తీరిపోయిన పాత షెడ్లే ఎక్కువ. వాళ్లు బ్యాంకు గడప తొక్కరు. వాళ్లనెలా దారికి తెస్తారో చెప్పండి, మిగతాది ఒప్పుకుంటాను.