అల్ట్రాసౌండ్ మెషిన్ పెడితే పచ్చిపాలు ఎక్కువ రోజులు ఆగుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి

గేదెలబాబు_తెనాలి:
అందరికీ నమస్తే అండి. మాది తెనాలి దగ్గర పల్లె, ఇంట్లో పది ముర్రా గేదెలున్నాయి. కేంద్రానికి పోయడం మానేసి ఈమధ్య టౌన్లో ఇళ్లకి సీసాల్లో పచ్చిపాలు వేస్తున్నా. చలికాలం అంతా బానే నడిచింది గానీ ఎండలు ముదిరాక రోజూ ఎవరో ఒకరు ఫోను, పొద్దున వేసిన పాలు మధ్యాహ్నం కాస్తే విరిగిపోయాయి అని. మొన్న యూట్యూబ్‌లో ఒకాయన చెప్తున్నాడు, పాలలోకి అల్ట్రాసౌండ్, అంటే చెవికి వినపడని శబ్దం, పంపిస్తే బ్యాక్టీరియా చచ్చిపోద్ది, తర్వాత మెంబ్రేన్‌లో (సన్న రంధ్రాల పొరలో) వడకడితే కాయకుండానే వారాలు ఆగుతాయి అని. ఆన్‌లైన్లో చూస్తే నగలూ కళ్లజోళ్లూ కడిగే అల్ట్రాసోనిక్ టబ్బులు చవగ్గానే ఉన్నాయి, మా బావమరిదికి వాటర్ ప్లాంట్ ఉంది, ఆర్వో మెంబ్రేన్లు నేనిస్తాలే అంటున్నాడు. రెండూ కలిపి సెట్ చేసుకుంటే పనైద్దా? డబ్బులు పెట్టకముందే అడుగుతున్నా.

డైరీటెక్_కామారెడ్డి:
అన్నా, ఫస్ట్ ఆ ఆర్వో ముచ్చట ఇడిసిపెట్టు. ఆర్వోల నీళ్లు తప్ప ఏదీ దాటదు, కొవ్వు, ప్రోటీను, లాక్టోజు అన్నీ ఇవతల్నే ఆగుతయి, అవతలికి వచ్చేది ఒట్టి నీళ్లు. పెద్ద డైరీల్ల పాలు చిక్కగ చేసేటందుకు వాడుతరు, బ్యాక్టీరియా తీసేటందుకు కాదు.

బ్యాక్టీరియా కోసం వాడేది మైక్రోఫిల్ట్రేషన్. సిరామిక్ గొట్టాలు ఉంటయి, రంధ్రం 1.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు). కేసిన్ అనే పాల ప్రోటీను రేణువులు 0.1, 0.2 మైక్రాన్లే కాబట్టి అవి దాటిపోతయి, బ్యాక్టీరియా, వాటి స్పోర్లు (వేడికి గూడ జల్దీ చావని గింజలసొంటివి) నూటికి 99 పైనే ఆగిపోతయి. ఇక్కడ్నే అసలు తిరకాసు. పాలల్ల కొవ్వు బొట్లు 1 నుంచి 10 మైక్రాన్ల దాకా ఉంటయి, అంటే అవి గూడ బ్యాక్టీరియాతో పాటే ఆగుతయి. అందుకే ముందుగాల సెపరేటర్‌ల మీగడ తీసి, వట్టి స్కిమ్ పాలనే 50 డిగ్రీల దగ్గర ఫిల్టర్ చేస్తరు, మీగడను వేరేగ ఎక్కువ వేడి మీద ట్రీట్ చేసి మళ్ల కలుపుతరు. అంత చేసినంక గూడ 72 డిగ్రీల మీద 15 సెకండ్లు పాశ్చరైజ్ చేస్తరు. నీ గేదెపాలల్ల ఏడు శాతం ఫ్యాట్ ఉంటదేమో, అట్లనే డైరెక్టుగ పోస్తే కాసేపట్ల జామ్ అయితది.

ఇగ అల్ట్రాసౌండ్. 20 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టి పవర్‌తోని ప్రోబ్ (పాలల్ల ముంచే కడ్డీ) పెడితే పాలల్ల సన్న బుడగలు పుట్టి పేలుతయి, ఆ దెబ్బకు బ్యాక్టీరియా గోడలు పగుల్తయి, అది నిజమే. కానీ ఒట్టి శబ్దంతోని చచ్చేది తక్కువ, దానికి వేడి తోడు కావాలె, థర్మోసోనికేషన్ అంటరు. స్పోర్లయితే దాదాపు చావవు. ఎక్కువసేపు పెడితే పాలు కాలిన రబ్బరు వాసన కొడుతయి. ల్యాబుల్ల మస్తు రీసెర్చ్ అయింది గని డైరీల్ల పాశ్చరైజర్ తీసేసి దీన్ని పెట్టుకునే రోజు ఇంకా రాలే.

వీడియోల చెప్పని ఇంకో మాట. ఈ బుడగలు కొవ్వు బొట్లను చిన్నగ పగలగొడ్తయి. పాశ్చరైజ్ చేసే పాలకు అది మంచిదే, మీగడ పైకి తేలదు. పచ్చిపాలల్ల అట్ల కాదు, అండ్ల లైపేజ్ అనే ఎంజైము బతికే ఉంటది, కొవ్వు బొట్టు మీది పొర పగిలిందంటే అది కొవ్వు మీద పడుతది, జల్దీ ముక్కిపోయిన వాసన, చేదు. అంటే నువ్వు నిల్వ కోసం పెట్టిన మిషనే పాలను ఖరాబ్ చేస్తది. నగల టబ్బుకు బ్యాక్టీరియాను చంపే అంత పవర్ ఉండదు, పాలు గోరువెచ్చగ అయితయి, బ్యాక్టీరియాకు కావల్సింది గదే.

లెస్టర్_నుంచి_సుధ:
ఫిల్టర్ చేసిన పాలు మాకిక్కడ యూకేలో మామూలు సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయండి, క్రేవెండేల్ అని. మూత తియ్యకపోతే ఫ్రిజ్‌లో మూడు వారాల దాకా ఉంటాయి, తీశాక వారం. రుచి కూడా టెట్రాప్యాక్ పాలలా ఉడికిన వాసన రాదు, అందుకే మా ఇంట్లో పెరుగుకి కూడా అవే తోడేస్తా. కానీ అవి పచ్చిపాలు కావు, సీసా మీద ఫిల్టర్డ్ అని, పాశ్చరైజ్డ్ అని రెండూ రాసుంటాయి. పైగా ఫ్యాక్టరీ నుంచి నా ఫ్రిజ్ దాకా ఎక్కడా చల్లదనం తెగదు. మీరు టూవీలర్ మీద ఎండలో వేస్తుంటే ఎంత ఫిల్టర్ చేసినా ఏం లాభం చెప్పండి.

పాలకేంద్రం_మదనపల్లె:
బాబూ, అల్ట్రాసౌండ్ నువ్వు ఇంతకుముందే చూసుంటావు. కేంద్రంలో పాలు పోసినప్పుడు చిన్న కప్పులో శాంపిల్ పెడితే ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు, నీళ్లు కాక పాలలో మిగిలే పదార్థం) చూపించే మిషన్ ఉంటుంది కదా, అవి చాలావరకు అల్ట్రాసోనిక్‌వే. శబ్దం పాలలో ఎంత వేగంగా పోతుందో చూసి లెక్క కడుతుంది. కొలవడానికే అది, నిల్వకి సంబంధం లేదు.

నీ సమస్యకి నేను చూసేది వేరే. పితికాక ఎంతసేపటికి చల్లబడుతున్నాయి? పొదుగులోంచి వచ్చేటప్పుడు పాలు 38 డిగ్రీలుంటాయి, ఈ ఎండల్లో అట్నే వదిలేస్తే గంటగంటకీ బ్యాక్టీరియా రెట్టింపులు రెట్టింపులుగా పెరిగిపోతుంది. మా దగ్గర బల్క్ కూలర్‌లో 4 డిగ్రీలకి దించుతాం, అందుకే ట్యాంకర్ వచ్చేదాకా నిలబడతాయి. రెండోది వడకట్టే గుడ్డ. చెత్త, వెంట్రుకలు ఆపుతుంది గానీ బ్యాక్టీరియా దాంట్లోంచి హాయిగా దాటిపోతుంది, సరిగా ఉతక్కుండా అదే గుడ్డ సాయంత్రం వాడితే నువ్వే తోడు వేసినట్టు. క్యాన్ మూత రబ్బరు వాషర్ తీసి వేలు పెట్టి చూడు, జిగటగా ఉందంటే దొంగ దొరికినట్టే. గేదె పొదుగు కడిగి తుడిచి, మొదటి రెండు ధారలు వేరే గిన్నెలోకి పిండెయ్యి, వాటిలోనే బ్యాక్టీరియా ఎక్కువ ఉంటుంది.

గేదెలబాబు_తెనాలి:
అందరికీ థాంక్సండి. వాషర్ తీసి చూశా, పచ్చగా పాచి పట్టి కంపు కొడతంది, చెప్పుకోడానికే సిగ్గు. టబ్బు కొనడం క్యాన్సిల్. కూలర్ కొనే స్తోమత ఇప్పుడు లేదు, పాలల్లోనే ఐసు గడ్డలు వేసి పంపిస్తే?

పాలకేంద్రం_మదనపల్లె:
వద్దు. ఐసు కరిగితే నీళ్లు కలిపినట్టే, ఎస్ఎన్ఎఫ్ పడిపోతుంది, ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో కూడా తెలీదు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, ఐసు వేసి క్యాన్‌ని మెడ దాకా ముంచు, లోపల స్టీలు కవ్వంతో అప్పుడప్పుడు తిప్పు, తిప్పకపోతే అంచులు చల్లబడి నడిమధ్య వెచ్చగానే ఉంటుంది. సీసాలకి థర్మోకోల్ పెట్టె, అడుగున ఐస్ ప్యాకులు.

డైరీటెక్_కామారెడ్డి:
ఒక థర్మామీటర్ కొనుక్కో అన్నా. తర్వాత చిన్న బ్యాచ్ పాశ్చరైజర్ గురించి ఆలోచించు, 63 డిగ్రీల మీద అరగంట, ఎంటనే చల్లార్చుడు. కావాలంటే మెసేజ్ చెయ్యి, ఎట్ల సెట్ చేసుకోవాల్నో చెప్త.