కొత్త బ్లాగరు ముందు సొంత టపాలు రాయాలా, పక్కవాళ్ళ బ్లాగుల్లో వ్యాఖ్యలా?

టపాకాయ్:
కొత్తవాళ్ళకి ఎవర్నడిగినా ఇచ్చే సలహా ఒకటే: పది బ్లాగులకెళ్ళి కామెంట్లు పెట్టు, జనం వాళ్ళే వస్తారు. నాకిది నచ్చదు. కామెంటు బాగుందని పేరు మీద నొక్కితే అక్కడ బ్లాగు తెరవగానే వర్డ్‌ప్రెస్ (బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడిచ్చిన "హలో వరల్డ్" టపా ఒక్కటే కనబడుతుంది. ఇంక మళ్ళీ వస్తారా? ముందు ఐదారు టపాలుండాలి. మీరేమంటారు?

నల్లసిరా:
ఒప్పుకోను. రాయడం వంటబట్టేదే వ్యాఖ్యలతో. టపాతో పాటు కిందున్న వ్యాఖ్యలన్నీ చదవాలి. మీకు అభ్యంతరమున్న వాక్యాన్ని కాపీ చేసి పైన పెట్టాలి, దాని కింద నాలుగు వాక్యాల్లో మీ మాట. "బాగుంది, చక్కగా రాశారు" అనేది వ్యాఖ్య కాదు, హాజరు. చివర మీ టపా లింకిస్తే తప్పేమీ లేదు.

మర్రినీడ:
లింకు మాత్రం వద్దు. వ్యాఖ్య ఫారంలో వెబ్‌సైటు అని ఒక గడి ఉంటుంది కదా, అందులో ఇస్తే పేరే లింకవుతుంది. కింద మళ్ళీ దేనికి? గూగుల్ ర్యాంకు కోసమైతే దండగ, వ్యాఖ్యల్లో లింకులకి నోఫాలో (ర్యాంకుకి ఈ లింకుని లెక్కపెట్టొద్దని చెప్పే గుర్తు) తగిలించడం 2005లోనే మొదలైంది. పైగా వర్డ్‌ప్రెస్ సెట్టింగు మార్చకపోతే రెండు లింకులున్న వ్యాఖ్య నేరుగా మోడరేషన్‌కి పోతుంది, అంటే బ్లాగు యజమాని ఒప్పుకునేదాకా కనబడదు.

నల్లసిరా:
ర్యాంకు సంగతి ఎవరెత్తారండీ? విషయానికి సంబంధించిన లింకు చదివేవాళ్ళకి పనికొస్తుంది అన్నాను.

మర్రినీడ:
అందరూ అలాగే అంటారు.

పిల్లకాలువ:
మధ్యలో వస్తున్నా. నా లింకు పేస్టు చేస్తే నిండా శాతం గుర్తులే. చూసినవాళ్ళు స్పామ్ అనుకుంటున్నారు.

మర్రినీడ:
శీర్షిక తెలుగులో ఉంది కాబట్టి. ఒక్కో తెలుగు సంకేతానికి (కంప్యూటర్ విడిగా దాచుకునే గుర్తుకి) మూడు బైట్లు, ఒక్కో బైటు లింకులో %E0 లాగా మూడు అక్షరాలవుతుంది. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కే. "స్త్రీ" ఒక్కటే ఆరు సంకేతాలు, అంటే 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ స్లగ్ (లింకులో టపా పేరుండే భాగం) హద్దు 200 అక్షరాలు, కాబట్టి 22 సంకేతాలు దాటితే తోక తెగుతుంది. గూగుల్ వాళ్ళ బ్లాగర్ అయితే తెలుగుని వదిలేసి బ్లాగ్-పోస్ట్ అని ఏదో పేరు పెట్టేస్తుంది. ప్రచురించే ముందే పెర్మాలింక్ (టపా శాశ్వత లింకు) గడిలో రెండు మూడు ఇంగ్లిష్ పదాలు మీరే ఇవ్వండి.

పిల్లకాలువ:
కుదిరింది, థాంక్సండీ.

నల్లసిరా:
అసలు విషయానికొద్దాం. మోడరేషన్ పెట్టుకుని వారాల తరబడి తెరిచి చూడనివాళ్ళు కొత్తవాళ్ళకి మర్యాదలు నేర్పుతున్నారు. గంట కూర్చుని రాసింది మాటా పలుకూ లేకుండా మాయమవుతుంది.

మర్రినీడ:
నన్నేనా? అజ్ఞాతలొచ్చి తిట్టిపోతే ఆ పూచీ ఎవరిది? బ్లాగు నాది, దాని కింద ఏముండాలో నేను చూసుకుంటాను.

నల్లసిరా:
అదీ మీ అసలు ఉద్దేశం. టపా మీదే, కాదనలేదు. వ్యాఖ్య రాసినవాడిది.

టపాకాయ్:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను మొదట అన్నదీ ఇందుకే. రెండు పేరాలు దాటే వ్యాఖ్యైతే సొంత బ్లాగులో టపాగా వేసుకోండి. వాళ్ళ బ్లాగులో రెండు వాక్యాల్లో సారం చెప్పి లింకివ్వండి. బ్లాగర్‌లో ఎలాగూ ఒక వ్యాఖ్య 4,096 అక్షరాలు దాటనివ్వదు. దేన్నైనా ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటే ఫారం మొరాయించినా పోదు.

మర్రినీడ:
అప్పుడు చర్చ రెండు చోట్ల ముక్కలవుతుంది. నా టపా చదివేవాళ్ళకి సగమే దొరుకుతుంది. మిగతా సగం లింకు రూపంలో!

నల్లసిరా:
ముక్కలవకూడదంటే తీసేయకండి. తీసేయక తప్పదంటే రాసినవాడికి మెయిల్‌లో తిరిగి పంపండి. ఫారంలో మెయిల్ చిరునామా అడిగేది మరి దేనికి?

మర్రినీడ:
సగం మంది ఇచ్చేది దొంగ చిరునామానే. నిజమైంది ఇచ్చినవాళ్ళకి పంపుతాను, అంతవరకు సరే. లింకు విషయంలో మాత్రం నా మాట అదే.