టెన్నిస్ మానాక వ్యాపారం: భూపతి లీగ్ ఎందుకు ఆగింది, సానియా అకాడమీ ఎలా నిలిచింది?

బేస్‌లైన్_రాజు
మహేశ్ భూపతి ఆడుతుండగానే 2002లో గ్లోబోస్పోర్ట్ అనే క్రీడాకారుల మేనేజ్‌మెంట్ కంపెనీ పెట్టాడు. 2014లో ఐపీటీఎల్ (ఇంటర్నేషనల్ ప్రీమియర్ టెన్నిస్ లీగ్) మొదలుపెట్టాడు, ఆ తర్వాత సెంటియల్స్ అనే సౌందర్య సాధనాల కంపెనీ. సానియా 2013లో మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో అకాడమీ తెరిచింది. లీగ్ మూడు సీజన్లకే ఆగిపోయింది, అకాడమీ నిలబడింది. తేడా ఎక్కడొచ్చింది? అకాడమీ పెట్టాలంటే స్థలం, కోచ్‌లు, బంతుల ఖర్చు ఎలా లెక్కేయాలి? తెలిసినవాళ్లు రాయండి.

డబుల్స్_పిచ్చి
భూపతి పేరెత్తగానే అందరూ ఐపీటీఎల్ దగ్గరే ఆగిపోతారు. 1997లో రికా హిరాకితో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ (ఒక పురుషుడు, ఒక మహిళ జంటగా) గెలిచి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ కొట్టిన తొలి భారతీయుడు అతనే. మొత్తం 12: పురుషుల డబుల్స్ 4, మిక్స్‌డ్ 8. అందులో రెండు సానియాతోనే (2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్). డబుల్స్ ప్రైజ్‌మనీ సింగిల్స్ కంటే బాగా తక్కువ, ఆ తక్కువను కూడా ఇద్దరు పంచుకోవాలి. కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు అన్నీ ఆటగాడి జేబులోంచే. అందుకే ఆడుతుండగానే వ్యాపారంలోకి దిగాడు. ‘మానాక’ అని శీర్షిక పెట్టడమే తప్పు.

స్కోర్‌షీట్
ఐపీటీఎల్ ఆలోచనలో లోపం లేదు. మామూలు మ్యాచ్ గంటన్నరలో ముగియొచ్చు, ఐదు గంటలూ సాగొచ్చు. టీవీ వాడికి ఆ స్లాట్ అమ్మడం కష్టం. అందుకే ఐదు సెట్లను ఐదు రకాలు చేశారు: పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, పురుషుల డబుల్స్, మిక్స్‌డ్, మాజీ దిగ్గజాల సింగిల్స్. ముందు ఆరు గేమ్‌లు గెలిచినవాళ్లదే సెట్. 40-40 దగ్గర ఒక్క పాయింటుతోనే గేమ్ తేలిపోతుంది. గెలుపు మొత్తం గేమ్‌ల లెక్క మీద. 5-5 అయితే టైబ్రేక్. పవర్ పాయింట్ (గెలిస్తే రెండు పాయింట్లుగా లెక్కేసేది) ఏ జట్టయినా ఎప్పుడైనా అడగొచ్చు.

డ్యూస్
చివరి రెండూ తప్పు. మొదటి సీజన్‌లో 5-5 అయితే టైబ్రేక్ లేదు, గడియారం పెట్టి ఐదు నిమిషాల షూటౌట్. సమయం అయ్యేసరికి ఎవరు ముందుంటే వాళ్లదే సెట్. పవర్ పాయింట్ రిసీవ్ చేసే జట్టుకే, అదీ సెట్‌కి ఒక్కసారే.

స్కోర్‌షీట్
ఇంత చిన్నదానికి రచ్చ దేనికి? వ్యాపారం గురించి మాట్లాడుతున్నాం.

డ్యూస్
చిన్నదెలా అవుతుంది? 15-30లో రిసీవర్ పవర్ పాయింట్ అడిగి గెలిస్తే 30 నుంచి నేరుగా గేమ్. సర్వ్ చేసేవాడికీ ఆ అవకాశం ఇస్తే 30-15లో అతనూ అలాగే ముగించేస్తాడు, బ్రేక్‌లు (సర్వ్ చేసేవాడు గేమ్ ఓడిపోవడం) తగ్గిపోతాయి, ఉత్కంఠ పోతుంది. గేమ్‌లు కూడి గెలుపు తేల్చే పద్ధతిలో అదే ప్రాణం. నియమం చదవకుండా రాసి, సరిచేస్తే కోప్పడటం పద్ధతి కాదండీ.

స్కోర్‌షీట్
సరే, నియమం మీరు చెప్పిందే. కానీ లీగ్ ఆగింది నియమాల వల్ల కాదు, ఆ మాట వెనక్కి తీసుకోను.

గచ్చిబౌలి_గోపి
2016 డిసెంబరులో మన హైదరాబాద్‌లో కూడా పోటీలు పెట్టారు, అది ఎవరూ చెప్పరేం? 2014, 2015లో ఢిల్లీకి ఫెదరర్ వచ్చాడు. 2016లో వింబుల్డన్ తర్వాత మోకాలి దెబ్బతో అతను ఆ ఏడాది ఇక ఆడలేదు. స్టార్ లేకపోతే స్పాన్సర్ వెనకాడతాడు, టికెట్ కదలదు. పైగా డిసెంబర్ అంటే టెన్నిస్‌లో విశ్రాంతి నెల. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ పెట్టుకుని ఎవడు వస్తాడో ఎవడు రాడో చివరిదాకా తేలదు. ఆటగాళ్ల పారితోషికం డాలర్లలో, దేశం నుంచి దేశానికి అన్ని జట్ల ప్రయాణం, ప్రతి ఊళ్లో కోర్టు ఏర్పాటు. ఖర్చు ఖాయం, రాబడి అనుమానం. ఆటగాళ్లకి డబ్బు అందలేదన్న బకాయిల గొడవ పత్రికల్లోకి ఎక్కడానికి మూలం అక్కడే ఉంది.

కోర్టు_మేస్త్రి
కోర్టులు వేయించడమే నా వృత్తి, కాబట్టి అకాడమీ సంగతి నేను చెబుతాను. గీతల మధ్య 23.77 × 10.97 మీటర్లు చూసి స్థలం కొనకండి. చుట్టూ పరిగెత్తే జాగాతో కలిపి కోర్టుకి 36.57 × 18.29 కావాలి. వాలు నూటికి ఒకటి, అదీ ఒకే తలంలో, ఒక పక్క నుంచి రెండో పక్కకి. నెట్ దగ్గర ఎత్తు చేసి రెండు వైపులా దించితే ఆట పాడవుతుంది. తారు పోశాక కనీసం రెండు వారాలు ఆరనివ్వకుండా పైన అక్రిలిక్ రంగు పూస్తే పొంగులు లేస్తాయి. తడిపి, నీళ్లు జారాక ఎక్కడ గుంటలో నిలిచిందో సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ మెత్తి, అప్పుడే రంగు వేయాలి. లైటు స్తంభాలు పక్కల్లోనే ఉండాలి. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక పెడితే సర్వ్ తీసుకునేవాడి కళ్లలో కొడతాయి.

విజయవాడ_వాలీ
సిమెంట్ మీద వేస్తే చాలదా? తారు మన ఎండకి మెత్తబడుతుంది కదా.

కోర్టు_మేస్త్రి
సిమెంట్ అయితే కింద తేమ పైకి రాకుండా పాలిథీన్ షీట్ పరవాలి, లేకపోతే రంగు పొరలుగా ఊడుతుంది. సిమెంట్ పలకల మధ్య జాయింట్ నెట్ కిందే రావాలి. ఈ రెండూ చేసే ఓపిక ఉంటే సిమెంటే మేలు.

డబుల్స్_పిచ్చి
సానియా 2015 ఏప్రిల్ 13న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ పేరు చూసి పిల్లలు చేరతారు. కొత్తవాళ్లకి ఆ పేరేదీ? అది కూడా లెక్కలో వేసుకోండి.

కోచ్_కిట్
పేరు చేర్పిస్తుంది, నిలబెట్టేది టైమ్‌టేబుల్. హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నాలు కోర్టు ఖాళీ. అమ్ముడుపోయేది పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఫీజులు ఆ గంటల మీదే లెక్కేయాలి. పూర్తి కోర్టు మీద నలుగురికి మించి పెడితే పిల్లలు వరసలో నిలబడటమే సరిపోతుంది, రెండో నెలకి తల్లిదండ్రులు మాన్పించేస్తారు. అదే ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి ఎర్ర బంతి (నెమ్మదిగా వెళ్లే మెత్తటిది), 11 మీటర్ల చిన్న కోర్టు. పెద్ద కోర్టుకి అడ్డంగా చిన్న నెట్‌లు కడితే ఒక్కదాంట్లో నాలుగు వస్తాయి. ఆ తర్వాత నారింజ బంతితో 18 మీటర్లు, పచ్చ చుక్క బంతికి పూర్తి కోర్టు. సాధన బుట్టలోకి ప్రెజర్‌లెస్ బంతులు (లోపలి గాలి ఒత్తిడి మీద ఆధారపడనివి) కొనండి. డబ్బా బంతులు మూత తీసిన కొన్ని వారాలకే గాలి పోయి చచ్చుబడతాయి.